సరిహద్దు ఊళ్ల పుస్తక జాబితా: క్వెరీ పారామీటర్ల ప్రాజెక్టు డైరీ

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఈ నాలుగు ఊళ్లలోని చిన్న పఠన మందిరాల పుస్తకాల జాబితాలను ఒకచోట చేర్చి, ఎవరైనా ఫోన్‌లో వెతుక్కునేలా ఒక వెబ్ ఏపీఐ (ప్రోగ్రామ్‌లు అడిగిన జాబితా ఇచ్చే సేవ) కడుతున్నాం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పుస్తకాలతో పాటు కొద్దిగా సవర పుస్తకాలూ ఉన్నాయి. పుస్తకాల పెట్టెలు చుట్టుపక్కల పల్లెలకూ తిరుగుతుంటాయి కాబట్టి ఏ పుస్తకం ఇప్పుడు ఏ ఊళ్లో ఉందన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈ డైరీ అంతా చిరునామాలో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత వచ్చే భాగం, అంటే క్వెరీ పారామీటర్ల గురించే.

మొదటి రోజు: పునాది

పైథాన్ భాష, దానితో వెబ్ ఏపీఐ కట్టే ఫ్లాస్క్, డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్. ముందు పైథాన్ కోడ్‌ను నడిపే సర్వర్ గూనికార్న్, దాని ముందు వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్. పట్టిక ఒక్కటే: పేరు, రచయిత, భాష, ఊరు, ముద్రణ ఏడాది, అరలో ఉందా లేదా. తీసుకునే పారామీటర్లు తొమ్మిది: వెతుకు, రచయిత, భాష, ఊరు, ఏడాది, ఉందా, వరుస, పేజీ, ఎన్ని. అసలు చిరునామాలో ఈ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాం.

/పుస్తకాలు?భాష=తెలుగు&ఊరు=గుణుపురం&పేజీ=2

ఈరోజు పెట్టుకున్న నియమం ఒకటే. అర్థం కాని పారామీటర్ వస్తే ఊరుకోకూడదు, 400 (అడిగిన తీరు తప్పు) సమాధానంతో తిప్పి పంపాలి. ఊరుకుంటే ఏమవుతుందో మొదటి ప్రయోగంలోనే తేలింది. ‘భాష’ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తారుమారు చేసి పంపితే, ఫ్లాస్క్ ఆ పేరునే పట్టించుకోలేదు. అన్ని భాషల పుస్తకాలూ 200తో, అంటే అంతా సరే అన్న సమాధానంతో వచ్చేశాయి. అడిగినవాళ్లకు ఒడియా పుస్తకాలు కలిసిన జాబితా చేరింది, తప్పు ఎక్కడుందో తెలిసే దారి లేదు. అందుకే వచ్చిన పేర్ల సమితి నుంచి మన తొమ్మిది పేర్లు తీసేసి, ఏమైనా మిగిలితే ఆ మిగిలిన పేరు చెప్పి వెనక్కి పంపుతున్నాం.

ఇందులో ఒక మినహాయింపు తప్పలేదు. ఫేస్‌బుక్‌లో పంచుకున్న లింకుకు అది తన ‘ఎఫ్‌బీసీఎల్ఐడీ’ తగిలిస్తుంది. ప్రచార లింకులకు ‘యూటీఎం’తో మొదలయ్యే పేర్లు వస్తాయి. వీటిని కూడా తిప్పికొడితే పంచుకున్న లింకు తెరుచుకోదు. ఈ రెండు రకాలనూ చూసీ చూడనట్టు వదిలేసే చిన్న జాబితా పెట్టాం. దీన్ని పెంచుకుంటూ పోకూడదు.

పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. టెర్మినల్‌లో కర్ల్‌తో పిలిచేటప్పుడు చిరునామాను కోట్స్‌లో పెట్టాలి. పెట్టకపోతే షెల్ & గుర్తు దగ్గర ఆజ్ఞను తెంచి, మొదటి ముక్కను బ్యాక్‌గ్రౌండ్‌కు పంపేస్తుంది. సర్వర్‌కు మొదటి పారామీటర్ ఒక్కటే చేరుతుంది. కోడ్‌లో తప్పుందని గంటసేపు వెతికేలా చేసే పొరపాటు ఇది.

రెండో రోజు: అంకెలు

‘పేజీ’, ‘ఎన్ని’, ‘ఏడాది’. చూడటానికి తేలిక, లోపల గుంతలు ఎక్కువ.

ఫ్లాస్క్‌లో విలువ తీసుకునేటప్పుడే రకం ఇంటిజర్ అని చెప్పవచ్చు. మారకపోతే అది చప్పుడు చేయకుండా డిఫాల్ట్ విలువ ఇస్తుంది. అంటే ‘పేజీ=మూడు’ అని పంపినవాళ్లకు మొదటి పేజీ వస్తుంది. మన నియమానికి ఇది పూర్తిగా విరుద్ధం. కాబట్టి విలువను అంకెగా కాక అక్షరాల స్ట్రింగ్‌గానే తీసుకుని, మనమే పరీక్షిస్తున్నాం.

‘ఎన్ని=-1’ పంపి చూశాం. జాబితా మొత్తం ఒకేసారి వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లో ఫలితాల సంఖ్యకు హద్దు పెట్టే లిమిట్‌కు రుణసంఖ్య ఇస్తే ‘హద్దు లేదు’ అని అర్థం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే రుణసంఖ్య చెల్లదని తప్పు చూపుతుంది, ఎస్‌క్యూలైట్ చూపదు. ఎవరైనా అదే చిరునామాను లూప్‌లో పిలిస్తే చిన్న సర్వర్ కూలబడుతుంది.

తర్వాత ‘పేజీ’కి ఇరవై తొమ్మిదులు పంపాం. ఈసారి 500, అంటే సర్వర్ లోపలే తప్పు. పైథాన్ పూర్ణసంఖ్య ఎంత పెద్దదైనా ఉండవచ్చు కానీ ఎస్‌క్యూలైట్ పూర్ణసంఖ్య 64 బిట్లకే పరిమితం, 9223372036854775807 దాటదు. పైథాన్ డ్రైవర్ అక్కడే ఓవర్‌ఫ్లో ఎర్రర్ విసురుతుంది.

పైథాన్ ఇంట్ ఫంక్షన్ ఉదారత కూడా తెలిసి ఉండాలి. ముందూ వెనకా ఖాళీలున్నా ఒప్పుకుంటుంది. ‘1_0’ ఇస్తే 10 అంటుంది. ‘+5’ అని చిరునామాలో రాస్తే ప్లస్ గుర్తు ఖాళీగా మారి ‘ 5’ వస్తుంది, దాన్నీ 5 అంటుంది. మరోవైపు ‘౧౨’ ఇస్తే 12 అంటుంది, ఒడియా అంకెలు ఇచ్చినా అంతే. ఈ చివరిది మాకు కావాల్సిందే. పాత తెలుగు పుస్తకాల మీద ముద్రణ ఏడాది తెలుగు అంకెల్లో ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు చూసి కొట్టేవాళ్లున్నారు. ‘ఏడాది=౧౯౩౩’ అన్నా పని జరగాలి.

ఉదారతలో మంచిది ఉంచుకుని చెడ్డది వదిలించుకోవడానికి స్ట్రింగ్ మీద ‘ఈజ్‌డెసిమల్’ పరీక్ష సరిపోయింది. ఖాళీ, అండర్‌స్కోర్, ప్లస్, మైనస్ అన్నీ అక్కడే ఆగిపోతాయి. తెలుగు, ఒడియా అంకెలు దాటుతాయి. పొరపాటున ‘ఈజ్‌డిజిట్’ వాడకూడదు. అది వర్గం గుర్తు ‘²’ను కూడా అంకె అంటుంది, ఆ తర్వాత ఇంట్ దగ్గర తప్పు పడుతుంది. పొడవు ఆరు అంకెలు దాటకూడదు. ‘ఎన్ని’ 1 నుంచి 100 వరకు, ఇవ్వకపోతే 20. ‘పేజీ’ 1 నుంచి మొదలు.

వంద దాటితే వందకు కుదించి పంపితే పోదా అనే మాట వచ్చింది. కుదిరదు. 500 అడిగి 100 అందుకున్న ప్రోగ్రామ్, జాబితా అక్కడితో అయిపోయిందనుకుని మిగతాది వదిలేస్తుంది. తిప్పి పంపడమే మేలు.

మూడో రోజు: ఉందా, లేదా, ఖాళీయా

‘ఉందా=ఫాల్స్’ అని పంపితే అరలో ఉన్న పుస్తకాలే వచ్చాయి. పైథాన్‌లో ఖాళీ కాని ఏ స్ట్రింగైనా ‘అవును, కాదు’గా మార్చే బూల్‌కు ఇస్తే ట్రూ. ‘ఫాల్స్’ అనే మాట కూడా ఖాళీ కాదు కదా. ఇప్పుడు 1, 0 మాత్రమే ఒప్పుకుంటున్నాం.

‘భాష=’ అని విలువ లేకుండా వస్తే? ఫారంలో ఏమీ ఎంచుకోకుండా బటన్ నొక్కితే బ్రౌజర్ ఇలాగే పంపుతుంది. పారామీటర్ అసలు లేకపోవడం వేరు, ఖాళీగా ఉండటం వేరు. ఫ్లాస్క్ ఈ తేడాను నిలబెడుతుంది. పైథాన్ సొంత ‘పార్స్ క్యూఎస్’ మాత్రం ఖాళీ విలువలను మామూలుగా పారేస్తుంది. మేము 400 అంటున్నాం, మా ఫారం ఖాళీ గడులను పంపకుండా ముందే తీసేస్తుంది.

భాషలకు ప్రామాణిక కోడ్‌లు వాడుతున్నాం. తెలుగుకు, ఒడియాకు రెండేసి అక్షరాల కోడ్‌లున్నాయి. సవరకు రెండక్షరాల కోడ్ లేదు, మూడక్షరాలది ‘ఎస్ఆర్‌బీ’. కోడ్‌ను మొదటి రెండక్షరాలకు కత్తిరించి పోల్చే అలవాటు కొన్ని లైబ్రరీలకు ఉంది. కత్తిరిస్తే ‘ఎస్ఆర్’ అవుతుంది, అది సెర్బియన్ భాష. పూర్తి కోడ్ సరిపోవాల్సిందే.

ఒకేసారి రెండు భాషలు అడగాలంటే ‘భాష’ను రెండుసార్లు రాయాలి. కామాతో కలిపి ఒకేసారి రాసే పద్ధతి వద్దనుకున్నాం, పుస్తకాల పేర్లలోనే కామాలుంటాయి, ఒక్కో పారామీటర్‌కు ఒక్కో పద్ధతి పెడితే వాడేవాళ్లు తికమకపడతారు. ఫ్లాస్క్‌లో ‘గెట్’ పిలిస్తే మొదటి విలువ ఒక్కటే వస్తుంది, ‘గెట్‌లిస్ట్’ పిలవాలి. జాంగో, పీహెచ్‌పీల్లో అదే చిరునామాకు చివరి విలువ దక్కుతుంది. పాత కోడ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ‘పేజీ’ రెండుసార్లు వస్తే మాత్రం 400. ఏ పేజీ కావాలో మనం ఊహించకూడదు.

నాలుగు, ఐదు రోజులు: ఊరి పేరు

ఈ ప్రాజెక్టులో అసలు పని ఇదే. సరిహద్దులో ఒక్కో ఊరికి రెండు మూడు పేర్లు. తెలుగువాళ్లకు పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖేముండి. మనకు బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషు చదువుకున్నవాళ్ల నోట బెర్హంపూర్. గుణుపురం, గుణుపూర్. కోరాపుట్ జిల్లాలో జయపురం ఉంది, దాన్నే జైపూర్ అనీ రాస్తారు. రాజస్థాన్ రాజధానికీ అదే పేరు కాబట్టి ఇతర జాబితాలతో కలిపేటప్పుడు ఇంకో చిక్కు.

వీటికి మారుపేర్ల పట్టిక ఒకటి చేశాం. ఎడమ వైపు జనం కొట్టే రూపం, కుడి వైపు ఊరి కోడ్. పట్టికలో లేని పేరు వస్తే సున్నా ఫలితాలు చూపకుండా ‘ఈ ఊరు మా జాబితాలో లేదు’ అని 400 పంపుతున్నాం. పుస్తకం అరలోనే ఉండగా లేదని చెప్పడం కంటే ఇది నయం.

పట్టిక పెట్టాక కూడా కొన్ని పేర్లు దొరకలేదు. కంటికి రెండూ ఒకటే, బైట్లలో వేరు. అక్షరం అక్షరం విడదీసి చూడాల్సి వచ్చింది.

‘జైపూర్’లో ‘జై’కి ఉన్న ఐత్వం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఐత్వానికి ఉన్న ఒకే కోడ్ (యూనికోడ్ ఇచ్చిన సంఖ్య). రెండోది ఎత్వం కోడ్, దాని వెనక ఐత్వపు కింది గుర్తు కోడ్, మొత్తం రెండు. తెరమీద తేడా కనబడదు. పాత మ్యాక్ కంప్యూటర్లలో ఫైల్ పేర్లు ఇలా విడగొట్టిన రూపంలోనే నిలవుండేవి. స్కాన్ చేసిన పుస్తకాల ఫైల్ పేర్ల నుంచి జాబితా తయారైనచోట ఇదే జరిగింది. యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో సరిచేస్తే రెండూ ఒకే కోడ్ అవుతాయి.

రాయగడలో దీనికి తలకిందులు. ఒడియాలో రాస్తే అందులో డ కింద చుక్క ఉన్న అక్షరం వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని ఒకే కోడ్‌గా ఇస్తాయి, కొన్ని డ, చుక్క అని రెండుగా ఇస్తాయి. ఎన్‌ఎఫ్‌సీ అంటే కలిపేదే అనుకుంటాం గానీ ఈ అక్షరం యూనికోడ్ మినహాయింపుల్లో ఉంది, ఎన్‌ఎఫ్‌సీ దీన్ని విడగొట్టే ఉంచుతుంది. ఎలా అయినా రెండు వైపులా ఒకే రూపం వస్తే చాలు. అందుకే డేటాబేస్‌లోకి పోసేటప్పుడూ, ప్రశ్న వచ్చినప్పుడూ ఒకే ఫంక్షన్ నడవాలి. ఒకవైపు నడిపి రెండోవైపు మరిస్తే పని మొదటికొస్తుంది.

మూడోది పక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే. ‘కోరాపుట్‌లో’ అని రాసేటప్పుడు పొల్లుకూ తర్వాతి ‘ల’కూ మధ్య అది పడుతుంది, లేకపోతే ‘ట్లో’ అని ఒత్తు అవుతుంది. ఆ మాటలోంచి ‘కోరాపుట్’ వరకు కాపీ చేసి వెతికితే చివర ఆ గుర్తు అంటుకుని వస్తుంది. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీయదు, అంచుల ఖాళీలు తీసే స్ట్రిప్ కూడా తీయదు. మనమే తీసేయాలి. పోలిక కోసం తయారుచేసే రూపంలోంచే తీస్తున్నాం, చూపించే పేరును మాత్రం ముట్టుకోవడం లేదు.

ఆరో రోజు: రచయిత, వెతుకు

గిడుగు పేరుతో పరీక్షించాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చినవారు. ఈ జాబితాలో ఆయన పేరు దొరక్కపోతే జాబితాకు అర్థం లేదు. వేంకట రామమూర్తి, వెంకట రామమూర్తి, వెంకటరామమూర్తి, రామ్మూర్తి పంతులు: నాలుగు రూపాలూ జాబితాలోనే ఉన్నాయి.

పోలిక రూపంలో ఖాళీలు తీసేసి ఏత్వాన్ని ఎత్వంగా, ఓత్వాన్ని ఒత్వంగా, ఈత్వాన్ని ఇత్వంగా, ఊత్వాన్ని ఉత్వంగా కుదించాం. మొదటి మూడు రూపాలూ కలిశాయి. నాలుగో దానికి రచయితల మారుపేర్ల పట్టిక పెట్టాం. ఈ కుదింపుకు ఖర్చు లేకపోలేదు, ‘మేడ’, ‘మెడ’ ఒకటైపోతాయి. అందుకని అచ్చంగా సరిపోయినవి ముందు, కుదిస్తే సరిపోయినవి తర్వాత వస్తాయి. దీర్ఘాన్ని అకారంగా కుదించలేదు, అలా చేస్తే ‘పాట’, ‘పట’ లాంటివి మరీ ఎక్కువ కలిసిపోతాయి.

‘వెతుకు’ మాటలో భాగాన్ని పోల్చే లైక్‌తో నడుస్తుంది. లైక్‌లో % అంటే ఎన్ని అక్షరాలైనా, _ అంటే ఒక అక్షరం. ఎవరైనా % ఒక్కటే కొడితే జాబితా మొత్తం వస్తుంది. ఈ రెండు గుర్తులకూ, ఎస్కేప్ గుర్తుకూ ముందు ఎస్కేప్ గుర్తు (తర్వాతిది మామూలు అక్షరమేనని చెప్పేది) చేర్చి, క్వెరీలో ఎస్కేప్ మాట పెట్టాలి. బైండింగ్ (విలువను క్వెరీలో అతికించకుండా విడిగా అందించడం) వాడుతున్నాం కదా అని ఇది వదిలేయకూడదు. బైండింగ్, విలువ రూపంలో ఆజ్ఞను దూర్చే ఇంజెక్షన్‌ను ఆపుతుంది, లైక్ గుర్తుల అర్థాన్ని ఆపదు.

విద్యార్థుల కోసం పెట్టిన కంప్యూటర్ పుస్తకాల్లో ‘సి++’ ఉంది. ఎన్‌కోడ్ చేయకుండా, అంటే గుర్తులను % కోడ్‌లుగా మార్చకుండా పంపితే రెండు ప్లస్‌లూ రెండు ఖాళీలవుతాయి. ‘సి#’ అయితే ఇంకా ఘోరం, # తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపనే పంపదు, వెనక ఉన్న పారామీటర్లన్నీ పోతాయి. # ను %23గా, & ను %26గా, % ను %25గా పంపాలి. జావాస్క్రిప్ట్‌లో ‘ఎన్‌కోడ్ యూఆర్ఐ’ వాడితే &, +, # అలాగే మిగిలిపోతాయి. ‘ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్’ గానీ ‘యూఆర్ఎల్ సెర్చ్ పారమ్స్’ గానీ వాడాలి. లాగ్‌లో తెలుగు మాట ఉండాల్సినచోట వరసగా %25లు కనబడితే రెండుసార్లు ఎన్‌కోడ్ అయిందని గుర్తు.

ఏడో రోజు: వరుస

‘వరుస=పేరు’ అంటే పేరు ప్రకారం. కాలమ్ పేరును ప్రశ్నార్థకంతో బైండ్ చేయబోతే తప్పేమీ రాలేదు, వరుస కూడా రాలేదు. డేటాబేస్ దాన్ని ఒక స్థిరమైన మాటగా తీసుకుంటుంది, అన్ని పుస్తకాలకూ అదే మాట కాబట్టి క్రమం మారదు. స్ట్రింగ్‌లో నేరుగా అతికిస్తే ఇంజెక్షన్‌కు తలుపు తెరిచినట్టే. దారి ఒక్కటే: ఒప్పుకున్న నాలుగు పేర్ల డిక్షనరీ పెట్టుకుని, అందులోంచి మనం రాసుకున్న కాలమ్ పేరే తీసి వాడాలి.

వరుసకు చివర తప్పకుండా పుస్తకం సంఖ్యను రెండో కీగా పెట్టాలి. ఒకే పేరున్న పుస్తకాలు చాలా ఉంటాయి. రెండో కీ లేకపోతే ఏది ముందన్న హామీ ఉండదు, ఒకే పుస్తకం రెండు పేజీల్లో కనబడి ఇంకోటి ఎక్కడా కనబడకపోవచ్చు.

ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్ల క్రమంలో పేరుస్తుంది. తెలుగు యూనికోడ్ క్రమం ర, ఱ, ల, ళ, వ. మన వర్ణమాలలో ళ, ఱ చివరికి, హ తర్వాత వస్తాయి. దాంతో ‘కళ’ ముందు వచ్చి ‘కవి’ వెనకబడింది. పెద్దవాళ్లు నిఘంటువు క్రమంలోనే వెతుకుతారు. వరుస కోసం వేరే కాలమ్ చేసి అందులో ళ, ఱ లను హ తర్వాత ఖాళీగా ఉన్న కోడ్‌లకు మార్చాం. క్ష ను మాత్రం క దగ్గరే ఉంచాం.

ఎనిమిదో రోజు: పొడవు

తెలుగు కోడ్ ఒక్కోటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, శాతం ఎన్‌కోడింగ్‌లో ఒక్కో బైటు మూడు అక్షరాలు. అంటే ఒక కోడ్‌కు తొమ్మిది. పర్లాకిమిడి విడదీస్తే ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి: 11 కోడ్‌లు. చిరునామాలో 99 అక్షరాలు. కీ, సమానం గుర్తు, & కలిపి మరో ఆరు.

గూనికార్న్ మొదటి పంక్తికి ఇచ్చే హద్దు మామూలుగా 4094 బైట్లు. ఇదే ఊరిని పదేపదే పెడుతూ పోతే 38 పట్టాయి, 39వది చేర్చగానే మా కోడ్‌కు చేరకముందే తిరిగొచ్చింది. పల్లెల పెట్టెలన్నీ కలిస్తే ఆ సంఖ్య దూరమేమీ కాదు. అందుకని యాప్ ఊరి పేరు బదులు మూడక్షరాల కోడ్ పంపుతుంది, పేరు కొట్టేది మనుషులే. ఒక ప్రశ్నలో ఊళ్లు 20 దాటకూడదు, ‘వెతుకు’ 60 కోడ్‌లు దాటకూడదు.

సవరకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. దాని కోడ్‌లు నాలుగేసి బైట్లు, చిరునామాలో పన్నెండేసి అక్షరాలు. 60 హద్దు దానికీ సరిపోతుంది, 720 అక్షరాలు.

ఎంజిన్‌ఎక్స్ కాష్ (పాత సమాధానాల నకళ్ల నిల్వ) చిరునామాను ఉన్నది ఉన్నట్టుగా తాళంచెవిగా వాడుతుంది. పారామీటర్ల క్రమం మారినా, ఎన్‌కోడింగ్‌లో చిన్న బడి పెద్ద బడి అక్షరాలు మారినా వేరే నకలు దాచుకుంటుంది. యాప్ ఎప్పుడూ అక్షరక్రమంలోనే పంపుతోంది.

తొమ్మిదో రోజు: తప్పు చెప్పే తీరు

తప్పు: ఎన్ని
మీరు పంపింది: -1
ఒప్పుకునేది: 1 నుంచి 100 వరకు

తప్పులు ఎన్నుంటే అన్నీ ఒకేసారి చెబుతున్నాం. ఒక్కోటీ దిద్దుకుని మళ్లీ మళ్లీ పంపాల్సిన పని ఉండకూడదు. వివరణ తెలుగులో, ఒడియాలో. ఫలితాలు లేకపోవడం తప్పు కాదు, ఖాళీ జాబితాతో 200. చివరి పేజీ దాటినా అంతే, మొత్తం సంఖ్య పక్కనే ఉంటుంది.

ఫ్లాస్క్ జేసన్ (డేటా పంపే రూపం) మామూలుగా తెలుగును ఆరేసి అక్షరాల కోడ్‌లుగా మార్చి పంపుతుంది. ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగుగానే వెళుతుంది, పరిమాణం దాదాపు సగమవుతుంది. నెట్ అంతంతమాత్రంగా ఉండే కొండ పల్లెల్లో ఆ సగం లెక్కలోకి వస్తుంది.

మిగిలింది ఒకటుంది. పారళాఖేముండిని తెలుగులో కొట్టేవాళ్లు ళ బదులు ల, ఖే బదులు ఖె, కె రాస్తున్నారు. ఏత్వం కుదింపుతో ఖే, ఖె కలిశాయి. ళ, ల కలపాలా వద్దా అన్నది ఊళ్ల పేర్ల వరకే పరీక్షిస్తున్నాం, పుస్తకాల పేర్లకు మాత్రం వర్తించదు, ‘కల’ వేరు, ‘కళ’ వేరు.